నాలుగు తీగలకు సరిపడా

పెళ్ళిళ్ళలో నా వాయింపు ఎవరికీ వినపడదు.
పాడేవాళ్ళు ఇద్దరు, కీబోర్డు, డ్రమ్ముల నాగభూషణం,
వాళ్ళ వెనక, జనరేటరు పక్కన, నేనూ నా బేస్ గిటారూ.
కరెంటు పోయినాక గానీ
ఫ్యాను తిరుగుతా ఉండిందని తెలీదు చూడండి,
అట్లాంటి ఉద్యోగం.

ముహూర్తాలు లేని ఆషాఢంలో
కొర్లగుంటలో, కుక్కర్లు రిపేరు చేసే అంగడి పైన,
ఆంప్లిఫయరు లేకుండా
గిటారు భుజానికి దవడ ఆనించి కూర్చుంటాను.
దవడ ఎముకలోనుంచి వింటే చాలు నాకు.
ముందర, పసుపెక్కిన పియానో పుస్తకం.
చిత్తూరు గ్రీమ్స్‌పేట జ్ఞానసుందరి టీచరుది.
మూడొందల ఏళ్ళ కిందట
మన ఎండ ముఖమే ఎరగని ఒకాయన
పది వేళ్ళ కోసం రాసుకున్నాడు.
నాకుండేది నాలుగు తీగలు.

ఎడమచేతి స్వరాలతో పేచీ లేదు,
అవి నా వీధివే.
కుడిచేతివి మాత్రం కొండెక్కాలంటాయి.
వీణకు మాదిరి దీనికీ మెట్లుంటాయి,
పైకి పోయేకొద్దీ ఇరుకు.
మోకాళ్ళ మెట్టు దగ్గర ముసలోళ్ళ మాదిరి
నా చిటికెనవేలు ఆగి, ఊపిరి తీసుకోని, ఎక్కతాది.
కింద లావు తీగను ఊరికే మీటి వదిలేస్తాను.
అది మోగుతా ఉండగానే పైకి పోయి
చెప్పాల్సిన రెండు మాటలూ చెప్పి
ఆరిపోయే లోపల దిగి రావాలి.
పొయ్యి మీద పాలు పెట్టి
పక్కింటికి పోయినామె తొందర అది.

ఒక పేజీకి ఆరు వారాలు.
మూడు స్వరాలు ఒకేసారి కావాల్సిన చోట రెండు పెట్టినాను,
కొన్ని చోట్ల ఒకటే.
వదిలేసిన వాటికి పెన్సిలుతో సున్నా చుట్టినాను.
నూటా పదిహేడు సున్నాలు.
ఒకనాడు కింద చెంగయ్య కుక్కరు విజిలు పరీక్ష చేస్తే
సరిగ్గా నేను వదిలేసిన స్వరమే వచ్చింది.
నవ్వుకోని, యాడ ఆగినానో మరిచిపోయినాను.

ఆ పియానో ఇప్పుడు లేదు.
బడి మేడ మీదనుంచి దాన్ని దించిన ఆరుగురిలో నేనొకణ్ణి.
పదహారేళ్ళు, నూటా యాభై కూలి.
చెదలు తిన్న కాలు మూడో మెట్టుకు కొట్టుకోని
లోపల, బాగా అడుగున, ఏదో లేచింది.
చెవికి కాదు, మోకాళ్ళకు తగిలింది నాకు.
తక్కినోళ్ళు భుజం మార్చుకున్నారు.
కింద నిలబడిన టీచరు
"అది ‘ఈ’ అబ్బయ్యా, కిందినుంచి ఎనిమిదో మీట" అనింది,
పోయే బిడ్డ పేరు చెప్పినట్టు.
నాలుగేళ్ళకు సెకండ్‌హ్యాండు బేసు కొన్న దినం
లావు తీగ మీటి చూస్తే
అదే.

పోయిన శుక్రవారం దాన్ని ఒళ్ళో పెట్టుకోని
చిత్తూరు బస్సెక్కినాను.
టీచరింట్లో భోజనాల బల్ల, పూల ఆయిల్‌క్లాతు,
మూలన గోనెపట్టా మీద తోతాపురి కాయలు.
సగం వాయించినాక తలెత్తితే
ఆమె వేళ్ళు ఆయిల్‌క్లాతు మీద నడుస్తా ఉండాయి.
చప్పుడు లేదు.
నేను మీటినప్పుడు ఆగతాయి,
నేను వదిలిన చోట పడతాయి.

అయిపోయింది. పక్కింట్లో మిక్సీ.
ఆమె కళ్ళద్దాలు కొంగుతో తుడుచుకోని
పుస్తకం లాక్కోని, నాలుగో వరసలో గోరు పెట్టింది.
"తక్కినవి నువ్వు వదిలినావు, సరే.
ఇది వదల్లేదు. మరిచిపోయినావు."
చూసినాను. దాని చుట్టూ సున్నా లేదు.

సంచిలో నాలుగు కాయలు వేసి పంపింది.
ఎనిమిదింటి బస్సులో, సంచి పిడి మీద,
ఆ ఒక్కదానికి ఏ వేలు యాడ పెట్టాలో
వెతుక్కుంటా ఉండినాను.
పూతలపట్టు దాటినాక కండక్టరు
టికెట్టు, టికెట్టు అని రెండుసార్లు అడిగినాడంట.